ఇచ్ఛాపురం సరిహద్దులో తుక్కు కొట్టు పెట్టాలనుకునే తమ్ముడికి

ఒడిశాలోని చికిటి పక్క పల్లెకు చెందిన ఒక తమ్ముడు, సూరత్‌లో తొమ్మిదేళ్ళు మగ్గాల మీద పనిచేసి ఇంటికి తిరిగివచ్చి, ఇలా అడిగారు: "చేతిలో 6 లక్షలు ఉన్నాయి. సరిహద్దుకు ఒడిశా వైపున్న గిరిసోల దగ్గర హైవే పక్కన తుక్కు కొట్టు పెడదామనుకుంటున్నాను. లాభం ఎంత ఉంటుంది? ఏ కాగితాలు కావాలి? దీనివల్ల పర్యావరణానికి మేలు జరుగుతుందని అందరూ అంటున్నారు, అది నిజమేనా?" ఇచ్ఛాపురంలో మా నాన్నగారు సైకిలు మీద మొదలుపెట్టిన ఈ పనిని 1997 నుంచి నేను చేస్తున్నాను కాబట్టి, నాకు తెలిసినంత వరకు వివరంగా రాస్తున్నాను. మీరు మూడు ప్రశ్నలు అడిగారు గాని, మొదటిదానికీ మూడోదానికీ జవాబు ఒకటే. ఈ వ్యాపారంలో లాభమంతా సరుకును వేరుచేయడంలో ఉంది, పర్యావరణానికి జరిగే మేలు కూడా అక్కడే ఉంది. వేరుచేయకుండా కొన్నదాన్ని కొన్నట్టు లారీకెత్తించేవాడికి కూలి మిగులుతుంది, అంతే.

మా నాన్నగారి కాలంలో పాత ఇనుముకు ఉల్లిపాయలు ఇచ్చేవారు. సైకిలుకు ఒక పక్క ఉల్లిపాయల బుట్ట, రెండో పక్క గోనెసంచి, హ్యాండిలుకు తక్కెడ. తెలుగు వీధుల్లో "పాత ఇనప సామానుకు ఉల్లిపాయలు" అని, సరిహద్దు దాటగానే ఒడియాలో "భంగా లుహా" అని కేకలు వేసుకుంటూ సురంగి దాకా వెళ్ళివచ్చేవారు. సాయంత్రం ఇంటికి చేరాక అసలు పని మొదలయ్యేది. సంచి అరుగు మీద బోర్లించి, అయస్కాంతం ఒకటి, పాత కత్తి ఒకటి పట్టుకుని కూర్చునేవారు. అప్పుడు ఆయన చేతులు చేసిన పనినే ఇప్పుడు మా గోదాములో తొమ్మిదిమంది చేస్తున్నారు.

ఒక పాత సీలింగు ఫ్యానునే తీసుకోండి. మీ దగ్గరకు వచ్చినప్పుడు అది "ఫ్యాను", దానికొక ధర. నాలుగు మరలు విప్పి, పైనా కిందా ఉన్న టోపీలను వేరుచేస్తే అవి అల్యూమినియం, మనం సత్తు అనేది. రెక్కలు కొన్నిటికి అల్యూమినియం, కొన్నిటికి ఇనుప రేకు, అయస్కాంతం ఆనిస్తే తెలిసిపోతుంది. లోపల గుండ్రటి దొంతరగా ఉండేది పలచటి ఇనుప రేకుల కోరు, దాని గాడుల్లో దిగి ఉన్నవి తీగచుట్టలు. ఇక్కడే కొత్తవాళ్ళు మోసపోతారు. పైకి రాగి రంగులో మెరిసే ప్రతి తీగా రాగి కాదు, ఈమధ్య చవక ఫ్యాన్లలోనూ మిక్సీలలోనూ పైన రంగు పూత వేసిన అల్యూమినియం తీగ చుడుతున్నారు. కత్తి మొనతో ఒకచోట గీకితే లోపల తెల్లగా కనిపిస్తుంది, అది అల్యూమినియం. ఎర్రగానే ఉంటే రాగి. ఈ చిన్న గీత తేల్చే తేడా, ఆ ఫ్యాను మీద మీకు వచ్చే మొత్తం లాభం కన్నా పెద్దది. ఫ్యాను మొత్తంగా అమ్మితే దొరికే ధరకు, నాలుగు కుప్పలుగా విడదీసి అమ్మితే వచ్చే ధరకు మధ్య ఉన్నదే మీ సంపాదన. అట్లా విడదీసినప్పుడే రాగి రాగిగానూ అల్యూమినియం అల్యూమినియంగానూ మళ్ళీ పనికి వస్తాయి. కలిసి కరిగిపోతే ఇనుములో చేరిన రాగిని తిరిగి తీయడం కొలిమిలో సాధ్యపడదు, పైగా ఆ ఉక్కు సాగగొట్టేటప్పుడు బీటలిస్తుంది.

ప్లాస్టిక్కుకూ ఇదే సూత్రం, కానీ అక్కడ అయస్కాంతం పనిచేయదు కాబట్టి నీళ్ళ బకెట్టు పెట్టుకోవాలి. సీసాల అడుగున త్రికోణంలో ప్లాస్టిక్కు రకాన్ని చెప్పే ఒక అంకె, 1 నుంచి 7 వరకు, ఉంటుంది. 1 పెట్, 2 హెచ్‌డీ, 3 పీవీసీ, 4 ఎల్‌డీ, 5 పీపీ, 6 పాలీస్టైరీన్, మిగిలినవన్నీ 7. అంకె అరిగిపోయినా, ముక్కగా వచ్చినా బకెట్టు చెబుతుంది. నీళ్ళ సీసాను కోసి మూతతో సహా నీళ్ళలో వేయండి. సీసా ముక్క మునుగుతుంది, మూత తేలుతుంది. సీసా పెట్, మూత హెచ్‌డీ గాని పీపీ గాని. పీవీసీ కూడా పెట్ లాగే మునుగుతుంది కాబట్టి అక్కడ మాత్రం కంటితోనూ వేలితోనూ పోల్చుకోవడం నేర్చుకోవలసిందే. పెట్ కుప్పలో కొద్దిగా పీవీసీ చేరినా, పెట్ కరిగే వేడికి ఆ పీవీసీ మాడి, ఆమ్లపు ఆవిరి వదిలి, మొత్తం సరుకును పసుపు, నలుపు మచ్చలతో పాడుచేస్తుంది. ఒక్క బేలులో, అంటే నొక్కి కట్టిన కట్టలో, ఇది కనిపిస్తే కొనేవాడు లారీ మొత్తానికి ధర తగ్గిస్తాడు, మరుసటిసారి మీ ఫోను ఎత్తడు.

ఇక కాటా సంగతి. నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నవాటిలో ఇది ఒకటి. బహుదా గట్టు వైపు నుంచి తెల్లవారకముందే సంచి భుజాన వేసుకుని ఒక అమ్మ మా కొట్టుకు వస్తుంది. సంచిలో సీసాలు, అట్టలు, అప్పుడప్పుడు ఒక ఇత్తడి కుళాయి. ఆమె తెచ్చిన సరుకును తూచేటప్పుడు అంకెలు కనబడే పలక ఆమె వైపుకే తిప్పి ఉంటుంది. 4 కిలోల 350 గ్రాములు వస్తే 4 కిలోల 350 గ్రాములకే డబ్బు లెక్కకట్టాలి, "నాలుగున్నర లోపలే కదా, నాలుగు" అనకూడదు. తడి ఉంటే తరుగు తీయవలసిందే, కానీ ఎంత తీస్తున్నానో, ఎందుకు తీస్తున్నానో చెప్పి తీయాలి. అట్టను మధ్యకు విరిచి చూపిస్తే తడి ఆమెకూ కనబడుతుంది, వాదన ఉండదు. మన వ్యాపారంలో పెద్ద దురాచారం ఒకటుంది. ఏరుకునేవాళ్ళకు పెళ్ళికో జబ్బుకో అడ్వాన్సు ఇచ్చి, ఆ బాకీ పేరు చెప్పి ధర తగ్గించి, ఏళ్ళ తరబడి వేరే కొట్టుకు పోనివ్వకుండా కట్టిపెడతారు. మీరు డబ్బు సాయం చేస్తే చేయండి, దాన్ని సరుకు ధరతో ముడిపెట్టకండి. 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు చెత్త ఏరుకునేవారిని గుర్తించి, పురపాలక వ్యవస్థలో కలుపుకోవాలని చెప్పాయి. పట్టణాలు ఆ పని చేసినా చేయకపోయినా, మీ కొట్టు వరకు వాళ్ళకు చేతి తొడుగులు, గట్టి చెప్పులు, ధనుర్వాతం సూది మీరు చూడగలరు. కాటాకు ఏడాదికొకసారి తూనికలు కొలతల శాఖ ముద్ర వేయించడం చట్టం, దానిని ఖర్చుగా భావించకండి. ఈ సరిహద్దులో పది కొట్లున్నా, ఎవరి కాటా సరైనదో ఏరుకునేవాళ్ళందరికీ తెలుసు. సరుకు అక్కడికే వస్తుంది.

డబ్బు లెక్కకు వస్తాను. 6 లక్షలు చాలతాయా అంటే, జాగ్రత్తగా ఉంటే చాలతాయి. అందులో 2 లక్షలకు మించి షెడ్డుకూ కాటాలకూ పెట్టకండి, 2 లక్షలు సరుకు మీద తిప్పండి, మిగిలిన 2 లక్షలు బ్యాంకులో ఉంచి మొదటి ఏడాది వాటి జోలికి పోకండి. లెక్క కోసం ఇనుము కిలో 25 రూపాయలకు కొని 30కి అమ్మారనుకుందాం. 2 లక్షలకు 8 టన్నులు వస్తుంది. హమాలీ, రవాణా, తరుగు, కోతకు వాడే గ్యాసు కలిపి కిలోకు 2 రూపాయలు పోతే మిగిలేది 3 రూపాయలు, అంటే ఒక తిప్పుకు 24 వేలు. నెలకు మూడుసార్లు తిప్పితే 72 వేలు, ఒక్కసారే తిప్పితే 24 వేలు, ఆ మొత్తంలోనుంచి అద్దె, జీతాలు పోవాలి. ధర ఎంత ఉందన్నదానికన్నా సరుకు ఎన్ని రోజులు మీ దగ్గర పడి ఉందన్నదే మీ ఇల్లు గడుపుతుంది. అందువల్ల మొదట్లో రాయపూర్ మిల్లుకో విశాఖ కొలిమికో నేరుగా లారీ పంపాలన్న ఆశ పెట్టుకోకండి, బరంపురంలోని పెద్ద గోదాముకు వారం వారం ఇచ్చి రొఖ్ఖం తెచ్చుకోండి. నిండు లారీకి సరిపడా ఒకే రకం సరుకు పదిరోజుల్లో కూడే స్థితి వచ్చాక మిల్లు గుమ్మం తొక్కవచ్చు.

ధర పెరుగుతుందని సరుకు దాచడం ఈ వ్యాపారంలో జూదం. 2008 వేసవిలో ఇనుము ధర వారం వారం ఎక్కుతుంటే నేను అప్పు తెచ్చి మరీ గోదాము నింపాను. ఆ ఏడు దసరా వెళ్ళేసరికి ప్రపంచమంతటా లోహాల ధరలు కూలిపోయి, కొన్నదానిలో సగం కూడా రాని రోజు వచ్చింది. ఆ అప్పు తీరడానికి నాలుగేళ్ళు పట్టింది, మా ఆవిడ మెడలోని గొలుసు అందులోనే పోయింది. కాగితం ధరలు కూడా ఇట్లాగే ఎక్కడో ఉన్న దేశాల నిర్ణయాలతో ఊగుతాయి. 2018 మొదట్లో చైనా విదేశీ తుక్కును ఆపివేసినప్పుడు ప్రపంచమంతా చూసింది. మీరు కొన్న ధర మీద మీకు మిగలవలసింది మిగులుతుంటే అమ్మివేయండి, రేపటి ధర గురించి ఆలోచించకండి.

సరిహద్దు కాబట్టి కాగితాల సంగతి కొంచెం ఎక్కువ చెప్పాలి. 2017 జూలైకి ముందు పురుషోత్తపురంలోనూ గిరిసోలలోనూ లారీలు మైళ్ళ కొద్దీ ఆగి ఉండేవి. పన్నుల తనిఖీ గేట్లు పోయాయి గాని, లెక్క పోలేదు, అది ఇప్పుడు ఫోనులోకి వచ్చింది. మీ కొట్టు గిరిసోలలో ఉంటే మీ నమోదు ఒడిశాలో ఉంటుంది. ఇచ్ఛాపురం నాలుగు అడుగుల దూరమే అయినా అక్కడి వ్యాపారికి అమ్మితే అది అంతర్రాష్ట్ర అమ్మకం. రాష్ట్రం దాటించి సరుకు అమ్మేవారికి టర్నోవరు ఎంత చిన్నదైనా జీఎస్టీ నమోదు తప్పనిసరి. అంతర్రాష్ట్ర లోడు విలువ 50 వేలు దాటితే ఈ-వే బిల్లు, అంటే జీఎస్టీ సైటులో తీసే రవాణా పత్రం, లేకుండా బండి కదలకూడదు. ఇనుప తుక్కు మీద పన్ను 18 శాతం. 2024 అక్టోబరు 10 నుంచి ఇంకొక మార్పు వచ్చింది. నమోదు లేని సరఫరాదారు నుంచి నమోదున్న వ్యాపారి లోహపు తుక్కు కొంటే, ఆ పన్నును కొన్నవాడే రివర్సు చార్జి కింద కట్టాలి. పై లెక్కలోని 2 లక్షల సరుకు అంతా అటువంటిదే అయితే 36 వేలు మీరు రొఖ్ఖంగా కట్టి, తరువాత అమ్మకపు పన్నులో మినహాయించుకుంటారు. డబ్బు చివరికి తిరిగి వస్తుంది గాని, మధ్యలో ఆ 36 వేలు మీ జేబులో ఉండవు. అదే తేదీ నుంచి, నమోదున్న వ్యాపారుల మధ్య 2.5 లక్షలు దాటిన లోహపు తుక్కు ఒప్పందాలలో కొనేవాడు 2 శాతం కోసి ప్రభుత్వానికి కడతాడు, అది మీ ఖాతాలో చూపించి తెచ్చుకోవాలి. ఇంటి సామాను అమ్మిన గృహస్థును ఎట్లా రాయాలి, తోపుడు బండివారిని ఎట్లా రాయాలి అన్నది కొట్టు తెరవకముందే అకౌంటెంటుతో కూర్చుని తేల్చుకోండి. సరుకు లేకుండా బిల్లులు మాత్రమే అమ్మేవాళ్ళు తప్పకుండా మీ దగ్గరకు వస్తారు. టీ ఇవ్వండి, బిల్లు మాత్రం తీసుకోకండి. ఆ పన్ను ఏళ్ళ తరువాతైనా వడ్డీతో మీ మెడకే చుట్టుకుంటుంది. స్థానిక సంస్థ వ్యాపార లైసెన్సు, చిన్న వ్యాపారాలకు కేంద్రం ఇచ్చే ఉద్యమ్ నమోదు పెద్ద కష్టమైనవి కావు. 2021 జూలై నుంచి టోకు, చిల్లర వ్యాపారులకు కూడా ఉద్యమ్ ఇస్తున్నారు, బ్యాంకు అప్పుకు పనికి వస్తుంది.

ఏమి కొనాలో కన్నా ఏమి కొనకూడదో ముందు నేర్చుకోండి. హౌరా–చెన్నై రైలు మార్గం మన ఊళ్ళ పక్కనుంచే వెళుతుంది. పట్టాలను బిగించే క్లిప్పులు, ఫిష్ ప్లేట్లు, సిగ్నలు తీగలు చీకట్లో సంచుల్లో వస్తాయి. 1966 నాటి రైల్వే ఆస్తుల చట్టం ప్రకారం అవి మీ దగ్గర దొరికితే చాలు, ఎట్లా వచ్చాయో చెప్పుకోవలసిన భారం మీదే, శిక్ష ఐదేళ్ళ దాకా ఉంటుంది. కరెంటు తీగలకు 2003 విద్యుత్ చట్టం ఉంది. దొంగసొమ్ము అని తెలిసి కొంటే 2024 జూలై నుంచి భారతీయ న్యాయ సంహితలో 317వ సెక్షను వర్తిస్తుంది. చిన్న కుర్రవాళ్ళు తెచ్చే మోటారు, తాళం పగిలిన గొలుసు, తెల్లవారుజామున వచ్చే కొత్త రాగి, ఇవన్నీ వద్దనండి. ఎవరు తెచ్చారో పేరు, ఊరు, ఆధార్ చివరి నాలుగు అంకెలు, తేదీ పుస్తకంలో రాసుకోండి, ఒక కెమెరా పెట్టండి. మూత బిగించిన పీపాలు, గ్యాసు సిలిండర్లు, ఫిరంగి గుండ్లలాంటివి అసలు గోదాములోకి రానివ్వకండి. ఖాళీ పీపాలో మిగిలిన ఆవిరికి కట్టరు నిప్పు తగిలితే ప్రాణాలు పోతాయి. 2010లో ఢిల్లీ మాయాపురిలో ఒక విశ్వవిద్యాలయం వేలంలో అమ్మిన పాత పరికరంలో రేడియేషను వెదజల్లే కోబాల్టు-60 ఉందని తెలియక విప్పిన తుక్కు కార్మికులు రేడియేషనుకు గురయ్యారు, ఒకరు చనిపోయారు. ఆసుపత్రి, ప్రయోగశాల సామానుపై రేడియేషనును సూచించే మూడు రేకుల గుర్తు కనిపిస్తే దూరంగా జరిగి అధికారులకు చెప్పండి.

బ్యాటరీల గురించి రాయడానికి నాకు ఇప్పటికీ మనసు బరువెక్కుతుంది. 2003 ప్రాంతంలో మా గోదాము వెనక ఒక కుర్రవాడు ఆటో, ట్రాక్టరు బ్యాటరీలను గొడ్డలితో పగలగొట్టి సీసపు పలకలు తీసేవాడు. ఆమ్లాన్ని పక్క కాలువలో పోయమన్నది నేనే. ఆ గట్టు మీద పెట్టిన కొబ్బరి మొక్కలు ఒక్కొక్కటే మొవ్వు ఎండిపోయాయి, ఉప్పు నేల అని సరిపెట్టుకున్నాను. తరువాత ఆ కుర్రవాడికి తరచూ కడుపునొప్పి, నీరసం, చేతులకు పట్టు తప్పడం మొదలై, విశాఖలో పెద్ద డాక్టరుకు చూపిస్తే రక్తంలో సీసం ఉందన్నారు. అతని బట్టల మీద దుమ్ముతో ఇంట్లో పసిబిడ్డకు కూడా అది అంటి ఉండవచ్చని ఆ డాక్టరు చెప్పినప్పుడు నేను తల ఎత్తలేకపోయాను. వైద్యం చేయించాను, పని మార్చాను, అతను కోలుకున్నాడు. తప్పు నాది. ప్రపంచంలో ప్రతి ముగ్గురు పిల్లల్లో ఒకరికి, అంటే సుమారు 80 కోట్లమందికి, రక్తంలో ప్రమాదకర స్థాయిలో సీసం ఉన్నదని 2020లో యునిసెఫ్ నివేదిక చెప్పింది. దానికి ఒక ముఖ్య కారణం బ్యాటరీలను ఇట్లా పెరళ్ళలో పగలగొట్టి కరిగించడమే. మీరు బ్యాటరీలు తీసుకుంటే నిలువుగా, మూతలతో, కారినా నేలలోకి దిగని ప్లాస్టిక్కు ట్రేలో పెట్టి, ఒక్క మర కూడా విప్పకుండా నమోదైన రీసైక్లర్‌కు చేర్చే మార్గం ఉంటేనే తీసుకోండి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు కూడా ఇదే చెబుతున్నాయి. పాత టీవీలు, కంప్యూటర్లు, ఫోన్ల బోర్డులకు 2023 ఏప్రిల్ నుంచి అమలులో ఉన్న ఇ-వ్యర్థాల నిబంధనలు వర్తిస్తాయి, వాటిని కూడా విప్పకండి. రాగి కోసం వైర్లను తగలబెట్టడం ఒకప్పుడు ప్రతి కొట్టు వెనకా మామూలే. ఆ పీవీసీ పొగలో డయాక్సిన్లు అనే విషాలు ఉంటాయి, పైగా కాలిన రాగికి ధర తక్కువ. ఒలిచే చిన్న యంత్రం కొనండి, ఒలిచిన మెరుపు రాగికి వచ్చే ఎక్కువ ధరే ఆ యంత్రం ఖర్చు తీరుస్తుంది.

ఇప్పుడు మీ మూడో ప్రశ్న. మేలు నిజమే, అది ఎంతో కూడా చెప్పవచ్చు. 2019 నాటి ఉక్కు తుక్కు విధానంలో కేంద్ర ప్రభుత్వమే రాసిన లెక్క ప్రకారం, ఒక టన్ను తుక్కు వాడితే 1.1 టన్నుల ఇనుప ఖనిజం, 630 కిలోల కోకింగు బొగ్గు, 55 కిలోల సున్నపురాయి ఆదా అవుతాయి. ఆ ఖనిజం కేంఝర్, సుందర్‌గఢ్ కొండల నుంచి వస్తుంది. అల్యూమినియం అయితే మరీ ఎక్కువ. ఒక టన్ను కొత్త అల్యూమినియానికి సుమారు 4 టన్నుల బాక్సైటు తవ్వాలి, పాతదాన్ని కరిగించడానికి కొత్తదానికయ్యే శక్తిలో 5 శాతం చాలు. బాక్సైటు ఎక్కడుందో మనకు తెలియనిది కాదు. కొరాపుట్ పాంచపట్మాలి మీద తవ్వుతున్నారు. రాయగడ వైపు నియమగిరి మీద తవ్వవద్దని 2013లో 12 పల్లెసభలు ఒక్క గొంతుతో చెప్పాయి. మీరు వేరుచేసి పంపే పాత సత్తు గిన్నె ఆ కొండల బరువును కొంచెం తగ్గిస్తుంది. ఇది నేను మాటవరసకు చెప్పడం లేదు, నా తూకపు పుస్తకాలు చూసి చెబుతున్నాను.

అయితే అన్నిటినీ మనం తిప్పలేము. చిప్సు, గుట్కా పొట్లాల పొరల కవర్లకు మన దగ్గర కొనేవాడు లేడు, సిమెంటు కొలిమిలో ఇంధనంగా కాల్చడమే వాటి దారి. ఫైబరు పడవలు కూడా అంతే. అది కరిగి మళ్ళీ పోతపోయగలిగే ప్లాస్టిక్కు కాదు, తీరంలో విరిగిపడిన పడవలను తెచ్చి మీ స్థలం నింపుకోకండి, ఇంజను, ఇనుప బోల్టులు మాత్రం తీసుకోండి. తుఫాన్ల తరువాత సరుకు వరదలా వస్తుందని కూడా ముందే చెబుతున్నాను. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు, చుట్టచుట్టుకుపోయిన ఇంటి పైకప్పు రేకులు నెలల తరబడి వచ్చాయి. అప్పుడు రెండు గుర్తుంచుకోండి. ఇల్లు పోయినవాడి దగ్గర ధర విరగ్గొట్టి కొనకండి. రేకుల్లో మంచివి ఏరి, సాఫు చేసి, పాకకు కావలసినవారికి తిరిగి అమ్మండి. కరిగించడం కన్నా ఉన్నదాన్ని ఉన్నట్టు వాడడంలోనే ఎక్కువ మేలు ఉంది. పలాస జీడిపప్పు డబ్బాలు, 15 కిలోల నూనె డబ్బాలు కూడా సొట్ట లేనివైతే మరమరాల కొట్లకు, మిఠాయి దుకాణాలకు నేరుగా పోతాయి.

మీరు గిరిసోలలోనే పెడతానంటే, పది మైళ్ళలో మిగతావాళ్ళు చూడని సరుకు ఒకటుంది. అది వల. డొంకూరు నుంచి సోనాపూర్, గోపాల్‌పూర్ దాకా చిరిగిన వలలు ఇసుకలో పూడి, కొన్ని సముద్రంలోకే పోతాయి. ఋషికుల్యా ముఖద్వారం దగ్గర ఫిబ్రవరి, మార్చి నెలల్లో గుంపులుగా గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్ళు ఇటువంటి కొట్టుకుపోయే వలల్లోనే చిక్కుకుంటాయి. వలను కొనేటప్పుడు మొత్తంగా తూచకండి. సన్నటి వల భాగం నైలాను, అంచుల తాడు హెచ్‌డీ గాని పీపీ గాని, తేలడానికి కట్టినవి నురుగు బెండ్లు, మునగడానికి కట్టినవి సీసపు గుళ్ళు. తాడు ముక్క నీళ్ళలో తేలుతుంది, నైలాను మునుగుతుంది, మళ్ళీ బకెట్టే. గుళ్ళు ఒలిచి వేరుగా పెట్టించండి, వాటిని ముట్టుకున్న చేతులతో తిననివ్వకండి. ఉప్పు, ఇసుక బరువు ఎంతో ముందే మాట్లాడుకోవాలి. మేము రెండుసార్లు దులిపి, మంచినీళ్ళలో ముంచి, నీడన ఆరబెట్టి తూస్తాము, మత్స్యకారులు పక్కనే ఉంటారు. శుభ్రమైన నైలానుకు కరిగించి గుళికలు చేసేవారి దగ్గర మంచి ధర ఉంది, తాడుకు వేరే కొనుగోలుదారు ఉన్నాడు. మూడేళ్ళ క్రితం మేము మొదలుపెట్టినప్పుడు ఊరి మత్స్యకార పెద్దలతో కూర్చుని, పూడిన వలలకు కూడా ధర ఇస్తామని మాట ఇచ్చాము, అప్పటినుంచి ఒడ్డున తగలబెట్టడం చాలావరకు ఆగింది.

మీరు అడగకపోయినా, ఏ నెలలో తెరవాలో కూడా చెబుతాను. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. పడవలు ఒడ్డుకు చేరి వలలు బాగుచేసుకునే రోజులు అవే, పనికిరానివి వదిలేసేది కూడా అప్పుడే. ఫిబ్రవరిలో అద్దె కాగితం రాసుకుని, మార్చిలో గచ్చు వేయించి, కాటాకు ముద్ర వేయించుకుంటే నిషేధం మొదలయ్యే రోజుకు మీ కొట్టు తెరిచి ఉంటుంది. అద్దెకు అడ్వాన్సు ఇవ్వకముందు వారం రోజులు మా గోదాముకు రండి తమ్ముడూ. కొనడం, అమ్మడం నేను చూసుకుంటాను. మీరు వేరుచేసే కుప్ప దగ్గర, బహుదా గట్టు నుంచి వచ్చే ఆ అమ్మ పక్కనే కూర్చోండి.